నట్ల లెక్క సరిపోతోంది, వాషర్ల లెక్క ఎందుకు తప్పుతోంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విశాఖ ఆటోనగర్‌లో చిన్న ఫాస్టెనర్ల (నట్లు, వాషర్ల లాంటివాటి) ప్యాకింగ్ యూనిట్ నడుపుతున్నారు. బరువును బట్టి ముక్కల సంఖ్య చూపించే 30 కిలోల కౌంటింగ్ కాటా కొన్నారు. ఎం8 నట్లు (8 మి.మీ. బోల్టుకి పట్టేవి) వెయ్యి చొప్పున ప్యాక్ చేస్తే లెక్క అచ్చంగా వస్తోంది. అదే కాటా మీద ఎం3 వాషర్లు 5000 చొప్పున కడితే, ప్యానెల్ బోర్డులు చేసే కస్టమర్ ఒకసారి 180 తక్కువన్నారు, ఇంకోసారి 90 ఎక్కువన్నారు. కాలిబ్రేషన్ (ప్రమాణ రాళ్లతో కాటాను సరిచేయడం) చేయించినా ఏమీ మారలేదు. కాటా మార్చాలా, కంపెనీ మీద ఫిర్యాదు చేయాలా అని ఒక ప్రశ్న. రేపు నైలాన్ కేబుల్ టైలు కూడా ఇలాగే తూచి అమ్మవచ్చా అని రెండోది.

కాటాల సర్వీసులోనూ, స్టోర్స్‌లోనూ చాలాకాలం పనిచేసినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ఓపికగా చదవండి, డబ్బు మిగులుతుంది.

మీ కాటా పాడవలేదు. కాలిబ్రేషన్‌తో ఈ తేడా పోదు. మీ దగ్గర ప్యాకింగ్ చేసే అమ్మాయిలు పది వాషర్లు పళ్లెంలో వేసి శాంపిల్ బటన్ నొక్కారే, ఆ 5000 లెక్క మంచిదో చెడ్డదో అక్కడే తేలిపోయింది. ఆ తర్వాత కాటా చేసేది ఒట్టి భాగహారం. మొత్తం బరువును ఒక్క ముక్క బరువుతో భాగించి, దగ్గర్లోని పూర్ణసంఖ్య చూపిస్తుంది. ఒక్క ముక్క బరువు తప్పుగా నేర్పితే ఆ తప్పునే 5000తో గుణించి మీకు తిరిగి ఇస్తుంది.

అంకెలతో చూద్దాం. ఎం3 సాదా వాషర్ లోపలి రంధ్రం 3.2 మి.మీ., బయటి వ్యాసం 7 మి.మీ., మందం 0.5 మి.మీ. స్టీలు సాంద్రతతో లెక్క కడితే ఒక్కోటి సుమారు 0.119 గ్రాములు. పది కలిపితే 1.19 గ్రాములు. మీ కాటా తెర మీద 1 గ్రాము చొప్పున మారుతుంది. లోపల అంతకన్నా సన్నగానే చదువుతుంది, లేకపోతే పది వాషర్లకు శాంపిలే తీసుకోదు. లోపల 0.05 గ్రాముల వరకు నమ్మకంగా చదువుతుందనే అనుకుందాం. 30 కిలోల కాటాకి ఇది ఉదారంగా ఇచ్చిన అంకె. 1.19 గ్రాముల మీద 0.05 గ్రాముల తేడా అంటే నాలుగు శాతం పైమాటే. 5000 వాషర్ల మీద అది 210 వాషర్లు. ఒకసారి తక్కువ వైపు, ఒకసారి ఎక్కువ వైపు. మీ కస్టమర్ చెప్పిన 180, 90 రెండూ ఈ పరిధిలోనే ఉన్నాయి.

ఇప్పుడు నట్టు చూడండి. ఎం8 నట్టు సుమారు 5.2 గ్రాములు. పది నట్లు 52 గ్రాములు. అదే 0.05 గ్రాముల తేడా ఇక్కడ ఒక్క శాతంలో పదో వంతు. వెయ్యి నట్లకు ఒక్క నట్టు. అదే కాటా, అదే అమ్మాయి, అదే పద్ధతి. ఒకచోట లెక్క అతికినట్టు రావడం, ఇంకోచోట చెల్లాచెదురవడం ఇందుకే. ఇందులో ప్యాకింగ్ చేసేవాళ్ల నిర్లక్ష్యం ఏమీ లేదు. దయచేసి వాళ్లను తిట్టకండి. వాళ్ల జీతంలో కోత పెట్టానని రాశారు, అది ముందు వెనక్కి ఇచ్చేయండి.

మీరు వెంటనే చేయగలిగేది, పైసా ఖర్చు లేకుండా: శాంపిల్ పదికి బదులు 200 చేయండి. చేత్తో, ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టాలి. 200 వాషర్లు 23.8 గ్రాములు. దాని మీద 0.05 గ్రాములు అంటే 0.2 శాతం. 5000 మీద తేడా 210 నుంచి పదికి దిగుతుంది. చేత్తో లెక్కకు విసుగొస్తుందంటే ఒక అల్యూమినియం పలకకు వాషర్ పట్టేటన్ని గుంటలు వంద వేయించండి. వాషర్లు పోసి, పలక కదిపి, మిగిలినవి చేత్తో తుడిచేస్తే వంద కచ్చితంగా నిలుస్తాయి. ఆటోనగర్‌లో ఏ డ్రిల్లింగ్ షెడ్డులో అయినా చేసిపెడతారు.

అయితే చిన్న సరుకు రోజూ ఉంటే ఈ కాటా మీదే తంటాలు పడమని నేను చెప్పను. 5000 ఎం3 వాషర్లు మొత్తం 595 గ్రాములు. 30 కిలోల కాటాలో మీరు వాడుతున్నది యాభయ్యో వంతు. పెద్ద కాటా కొంటే చిన్నవీ పెద్దవీ అన్నీ తూగుతాయన్న ఆలోచనతోనే చాలామంది దెబ్బతింటారు. 3 కిలోల సామర్థ్యం, తెర మీద 0.1 గ్రాము చూపించే కౌంటింగ్ కాటా తీసుకోండి. లోపల అది 0.005 గ్రాముల వరకు చదివితే, పది వాషర్ల శాంపిల్‌తోనే 5000 మీద తేడా 21 దగ్గర ఉంటుంది. వంద వాషర్ల శాంపిల్‌తో రెండుకి వస్తుంది. కొనేటప్పుడు షాపువాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న సామర్థ్యం ఎంత అని కాదు, లోపలి రిజల్యూషన్ (ఎంత సన్న బరువు వరకు చదువుతుంది) ఎంత, ఒక్క ముక్క కనీసం ఎంత బరువుండాలి అని. రెండోదానికి సమాధానం స్పెసిఫికేషన్ కాగితం మీద రాసి ఉంటుంది. చూపించలేకపోతే వేరే షాపుకి వెళ్లండి.

పెద్ద డబ్బాల్లో చిన్న సరుకు లెక్కపెట్టాల్సిన వాళ్లకు ఇంకో దారి ఉంది. చిన్న కాటా, పెద్ద ప్లాట్‌ఫాం కాటా కేబుల్‌తో కలిపి వాడతారు. శాంపిల్ చిన్నదాని మీద తీసుకుంటారు, డబ్బా పెద్దదాని మీద పెడతారు. స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు లాంటి చోట్లకు సరఫరా చేసేవాళ్లకు ఇది ఉపయోగం. మీ స్థాయికి ఇప్పుడే అక్కర్లేదు.

ఇక అసలు విద్య. శాంపిల్‌ను మెట్లు మెట్లుగా పెంచడం. మంచి కౌంటింగ్ కాటాలన్నిటిలో ఈ సౌకర్యం ఉంటుంది, మాన్యువల్‌లో చివర ఎక్కడో ఉంటుంది కాబట్టి ఎవరూ వాడరు. 3 కిలోల కాటా మీద ఎం3 వాషర్లు అనుకోండి. చేత్తో లెక్కపెట్టిన 20 వేసి శాంపిల్ నొక్కండి. ఇప్పుడు గుప్పెట్లోంచి సుమారు మరో 30 వేయండి. తెర మీద 51 అని వచ్చిందనుకోండి. 20 శాంపిల్‌తో నేర్చుకున్న బరువులో చిన్న తప్పు ఉన్నా, 51 దగ్గరికి వచ్చేసరికి అది అర ముక్కకు కూడా చేరదు. కాబట్టి ఆ 51 నిజంగా 51నే. ఇప్పుడు ఒక్క ముక్క బరువును 51 ముక్కల మీద మళ్లీ లెక్కించమని బటన్ నొక్కండి. కొన్ని కాటాలు ఈ పని వాటంతట అవే చేస్తాయి. తర్వాత 120 వరకు, ఆ తర్వాత 250 వరకు. చేత్తో లెక్కపెట్టింది 20 మాత్రమే, కానీ కాటా చేతిలో ఇప్పుడు 250 ముక్కల శాంపిల్ ఉంది.

ఇందులో పాటించాల్సింది ఒక్కటే. ప్రతి మెట్టులోనూ ముక్కల సంఖ్యను రెండు, సుమారు రెండున్నర రెట్లకు మించి పెంచకూడదు. ఆత్రపడి 20 నుంచి ఒకేసారి 500కి దూకితే, తప్పు అర ముక్క దాటుతుంది. కాటా 503 బదులు 502 అనుకుని, ఆ తప్పునే నిజమని గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా ఫలితం లేదు. కొత్తగా నేర్పేటప్పుడు మొదటి రెండు మెట్లు చేత్తో కూడా లెక్కపెట్టించండి. రెండూ ఒకటే రావడం కళ్లారా చూశాక వాళ్లకు నమ్మకం కుదురుతుంది, టెన్షన్ పోతుంది. మీ 30 కిలోల కాటా మీద మాత్రం ఎం3కి ఈ మెట్లు పనిచేయవు. దాని అడుగే అర వాషర్ దగ్గర ఉంది, మెట్టు ఎక్కకముందే జారిపోతుంది.

ఇంతవరకు కాటా సంగతి. ఇప్పుడు సరుకు సంగతి చెప్పాలి. నా ఉద్దేశంలో సగం గొడవలకు మూలం ఇక్కడే ఉంది.

వాషర్లన్నీ ఒకే బరువుండవు. ఎం3 వాషర్ మందం 0.5 మి.మీ. అని రాసినా, సాదా వాషర్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7089 ప్రకారం అది 0.45 నుంచి 0.55 వరకు ఉండొచ్చు. అంటే ప్రమాణానికి పూర్తిగా లోబడిన సరుకులోనే పది శాతం అటూ ఇటూ తేడాకు చోటుంది. ఒకే కాయిల్ (స్టీలు రేకు చుట్ట) నుంచి కొట్టిన వాషర్లు దాదాపు ఒకేలా ఉంటాయి. కాయిల్ మారితే బరువు మారుతుంది. పోయిన నెల లాట్‌కి (ఒక విడతగా వచ్చిన సరుకుకి) తీసిన ముక్క బరువును కాటా మెమరీలో దాచుకుని ఈ నెల లాట్‌కి వాడితే ఏం జరుగుతుందో ఊహించండి. మీ కాటాలో వంద ఐటెంల మెమరీ ఉందని సంతోషంగా రాశారు. ఐటెం పేరుకీ, కోడ్‌కీ, కస్టమర్ ప్యాక్ సంఖ్యకీ దాన్ని వాడండి. ముక్క బరువు మాత్రం ప్రతి లాట్‌కీ కొత్తగా తీయాల్సిందే.

ప్లేటింగ్ కూడా బరువే. ఎం3 వాషర్ మొత్తం ఉపరితలం సుమారు 77 చదరపు మి.మీ. జింక్ పూత 5 మైక్రాన్ల బదులు 8 మైక్రాన్లు పడితే ఒక్కో వాషర్‌కి 1.6 మిల్లీగ్రాములు పెరుగుతుంది. వినడానికి ఏమీ కాదు. వాషర్ బరువులో అది 1.4 శాతం, 5000కి 70 వాషర్లు. ప్లేటింగ్ షాపులో బ్యారెల్ మారినా, సమయం మారినా ఈ తేడా వస్తుంది. కరిగిన జింక్‌లో ముంచే హాట్ డిప్ గాల్వనైజింగ్ అయితే పూత అంతకన్నా ఎన్నో రెట్లు మందం, పైగా ఒక్కో ముక్కకీ ఒక్కోలా పేరుకుంటుంది. అలాంటి చిన్న సరుకును తూకంతో లెక్కపెట్టే పని పెట్టుకోకండి.

అందుకే శాంపిల్ ఎక్కడి నుంచి తీశారన్నది, ఎన్ని తీశారన్నదంత ముఖ్యం. బస్తా విప్పి పైన కనబడినవి తీస్తే అవి ఒకే కాయిల్ ముక్కలు కావచ్చు. బస్తాను ట్రేలో బోర్లించి, నాలుగైదు చోట్ల నుంచి తీయించండి. ప్లాస్టిక్ సరుకు ఇంకో రకం. ఒక అచ్చులో నాలుగు గుంటలుంటే నాలుగింటి బరువులూ నాలుగు రకాలుగా ఉంటాయి. ముక్క వెనక గుంట నంబరు ఉంటుంది చూడండి, శాంపిల్‌లో అన్ని నంబర్లూ రావాలి.

నూనె గురించి కూడా ఆలోచించండి. పై వాషర్లు ఆరి ఉంటాయి, అడుగువి నూనెలో నానుతుంటాయి. పొడి ముక్కలతో శాంపిల్ తీసి తడి ముక్కలు తూస్తే లెక్కలో ఎక్కువ చూపిస్తుంది, ప్యాకెట్‌లో తక్కువ పడతాయి. కస్టమర్ దగ్గర షార్టేజీ వస్తే, మీరు నిజాయితీగా కట్టినా మాట పడేది మీరే.

మీ సరుకులో తేడా ఎంతో తెలుసుకోవాలంటే ఒక గంట కేటాయించండి. బంగారు షాపుల్లో వాడే మిల్లీగ్రాము కాటా మీద 20 వాషర్లను ఒక్కొక్కటిగా తూచి రాయండి. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఎక్సెల్‌లో వేస్తే స్టాండర్డ్ డీవియేషన్ (బరువులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) వస్తుంది. దాన్ని సగటుతో భాగిస్తే శాతం తెలుస్తుంది. ఒక శాతం దగ్గర ఉంటే మంచి సరుకు. 250 శాంపిల్‌తో 5000 ప్యాక్ చేస్తే సరుకు వల్ల వచ్చే తేడా దాదాపు ఎప్పుడూ ఆరేడు వాషర్ల లోపలే ఉంటుంది. అదే సరుకు పది ముక్కల శాంపిల్‌తో అయితే, కాటా ఎంత గొప్పదైనా ముప్పై వరకు తప్పుతుంది. మూడు శాతం దాటిన సరుకుకి నేను తూకం లెక్క సలహా ఇవ్వను. ఒకటిన్నర దాటితే మెట్లు 120 దగ్గర ఆపేయండి, ఆపైన తప్పు అర ముక్క దాటే ప్రమాదం ఉంది.

ఇంకొక చిన్న విషయం పెద్ద తేడా తెస్తుంది. ఎం3 లాట్‌లో ఒక ఎం4 వాషర్ కలిస్తే అది రెండున్నర ఎం3 వాషర్ల బరువు. శాంపిల్‌లో అలాంటిది ఒక్కటి పడితే మొత్తం గల్లంతు. శాంపిల్ ముక్కలను తెల్ల కాగితం మీద పరిచి ఒకసారి కళ్లతో చూడమనండి.

పాలిథిన్ సంచులు కూడా ఒకే బరువుండవు. సంచికీ సంచికీ 0.3 గ్రాముల తేడా ఉంటే రెండున్నర వాషర్లు పోయినట్టే. ఉదయం ఒక సంచికి టేర్ కొట్టి (ఖాళీ సంచి బరువును సున్నా చేసి) రోజంతా దానితోనే నడిపించడం మీ యూనిట్‌లోనూ జరుగుతూ ఉంటుంది. ప్రతి సంచికీ టేర్ కొట్టించండి, లేదా స్టీలు గిన్నెలో తూచి సంచిలో పోయించండి. నాకు రెండోదే ఇష్టం, పని కూడా తొందరగా అవుతుంది. అట్టపెట్టె పెట్టి తూచడం విశాఖలో అస్సలు వద్దు. వానాకాలం గాలికి అట్ట తేమ పీల్చి ఉదయానికీ సాయంత్రానికీ బరువు మారుతుంది.

కాటా చుట్టుపక్కల సంగతులు వేగంగా చెప్తాను. సీలింగ్ ఫ్యాన్ కింద పెట్టకండి. 0.1 గ్రాము కాటాకి ఆ గాలి తెలుస్తుంది. ఉక్కపోతకు ఫ్యాన్ లేకుండా కూర్చోవడం కష్టమే, కాటా మూడు వైపులా అక్రిలిక్ షీటు అడ్డం పెట్టండి. పక్క షెడ్డులో పవర్ ప్రెస్ కొడుతుంటే నేల అదురుతుంది, కాటాను గ్రానైట్ పలక మీద పెట్టండి. కాటా సమంగా ఉందో చూపే నీటి బుడగ మధ్యలో ఉందా అని రోజూ చూడండి. ఆన్ చేసిన వెంటనే కాకుండా అరగంట ఆగి మొదలుపెట్టండి. కరెంటు పోయి జనరేటర్ ఎక్కేటప్పుడు కాటా సున్నా పక్కకి జరగొచ్చు, బ్యాటరీ ఉన్న కాటా అయితే ఆ బెడద లేదు. సర్వీసు కాల్స్‌లో నేను మళ్లీ మళ్లీ చూసింది మరొకటుంది: పళ్లెం కింద పడిన వాషర్. అది పళ్లేన్ని అంటుకుని బరువును ఆపేస్తుంది. లెక్క ఏ కారణం లేకుండా తప్పుతోందంటే ముందు పళ్లెం ఎత్తి చూడండి, తర్వాత మెకానిక్‌కి ఫోన్ చేయండి. గాజువాక, పెదగంట్యాడ వైపు గాలిలో ఉప్పు ఎక్కువ. ఏడాదికోసారి కనెక్టర్లు తుడిపించి, లోపల సిలికా జెల్ సంచి మార్పించండి.

కాలిబ్రేషన్ ఎందుకు పనిచేయలేదో కూడా అర్థం చేసుకోవాలి, లేకపోతే మళ్లీ డబ్బు పోస్తారు. మీ కాటా ప్రతి బరువునూ ఒక శాతం ఎక్కువ చూపిస్తోందనుకోండి. శాంపిల్‌నూ ఒక శాతం ఎక్కువ చూపిస్తుంది, మొత్తాన్నీ ఒక శాతం ఎక్కువ చూపిస్తుంది. భాగిస్తే ఆ తప్పు కొట్టుకుపోతుంది, లెక్క సరిగ్గానే వస్తుంది. గురుత్వం సంగతీ అంతే. ఢిల్లీలో సరిచేసిన కాటాను విశాఖ తెస్తే, మనం భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం కాబట్టి కిలోకి సుమారు 0.7 గ్రాము తక్కువ చూపిస్తుంది. బరువుకి అమ్మేవాడికి అది సమస్య. శాంపిల్ కూడా అదే కాటా మీద తీసి సంఖ్య లెక్కపెట్టేవాడికి సమస్య కాదు. వేరే ఊళ్లో తూచిన ముక్క బరువును ఇక్కడ కీబోర్డు మీద కొడితే మాత్రం ఆ తేడా నిలబడుతుంది, 5000కి మూడు నాలుగు ముక్కలు. సప్లయర్ పంపిన షీట్‌లోని ముక్క బరువు వాడొద్దని నేను పట్టుబట్టడానికి ఇదొక కారణం, లాట్ తేడా మరో కారణం.

లెక్కకు కావలసినవి వేరే మూడున్నాయి. ఒకటి, ఒకే బరువును పదిసార్లు పెట్టితీస్తే ప్రతిసారీ ఒకే అంకె రావాలి. రెండు, తక్కువ బరువు దగ్గరా ఎక్కువ బరువు దగ్గరా ఒకే నిష్పత్తిలో చూపించాలి. 100, 200, 500 గ్రాముల రాళ్లు విడిగా పెట్టి, తర్వాత కలిపి పెట్టి చూడండి. మూడు, పళ్లెం మధ్యలో పెట్టినా మూలల్లో పెట్టినా తేడా రాకూడదు. సామర్థ్యంలో మూడో వంతు బరువు పెట్టి నాలుగు మూలలూ చూడాలి. మీ పనికి ఎం1 తరగతి రాళ్లు చాలు (ఇది వాషర్ సైజు కాదు, రాళ్ల కచ్చితత్వం తరగతి), అందులో 500 గ్రాముల రాయికి 25 మిల్లీగ్రాముల తేడా వరకు అనుమతి ఉంది. పదేపదే వాడే రాళ్లను చేత్తో పట్టుకోకండి, చెమట అంటుకుంటుంది.

స్టాంపింగ్ మాత్రం వదలకండి. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం 2011 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అమ్మకానికి వాడే ఎలక్ట్రానిక్ కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించాలి. అయితే అధికారి చూసేది కాటా బరువు సరిగ్గా చూపిస్తోందా అని. మీ వాషర్ల సంఖ్య సరిగ్గా వస్తోందా అని ఆయన చూడరు, అది ఆయన పనీ కాదు. ముద్ర ఉంది కాబట్టి లెక్క సరైనదేనని కస్టమర్‌తో వాదిస్తే ఆ వాదన నిలబడదు.

ఇక మీ రెండో ప్రశ్న, కేబుల్ టైలు. తూచి అమ్మవచ్చు, కానీ జాగ్రత్త. నైలాన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. టైలు చేసే నైలాన్ 66, గాలిలో తేమ 50 శాతం ఉన్నచోట నిలకడకి వచ్చేసరికి తన బరువులో సుమారు రెండున్నర శాతం నీటిని పట్టుకుంటుంది. విశాఖ గాలిలో తేమ ఏడాదిలో చాలా భాగం అంతకన్నా ఎక్కువే. ఫ్యాక్టరీ సీలు విప్పని సంచిలోని టై, నెల రోజులు విప్పి ఉంచిన సంచిలోని టై ఒకే బరువుండవు. ఒకదానితో శాంపిల్ తీసి రెండోది తూస్తే వెయ్యికి 25 దాకా తేడా రావచ్చు. కాబట్టి ఏ సంచి సరుకు తూస్తున్నారో ఆ సంచిలోంచే శాంపిల్, అదే రోజు. ఇంకో చిక్కు స్టాటిక్, అంటే రాపిడితో పుట్టే విద్యుత్తు. ప్లాస్టిక్ సరుకు పొడిగా ఉన్నప్పుడు పళ్లేన్ని లాగుతూ అంకెను కదుపుతుంది. ప్లాస్టిక్ ట్రే బదులు స్టీలు గిన్నె వాడితే చాలావరకు పోతుంది. అచ్యుతాపురం గార్మెంట్ యూనిట్లకు బటన్లు ఇవ్వాలనుకుంటే పాలియెస్టర్ బటన్లకు తేమ బాధ దాదాపు లేదు, నైలాన్‌వైతే ఇదే జాగ్రత్త.

ఇదే దారిలో పరవాడ ఫార్మా వాళ్లకు మాత్రలు లెక్కపెట్టి ఇవ్వవచ్చా అని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. ఇండియన్ ఫార్మకోపియా 80 మిల్లీగ్రాముల లోపు మాత్రలకు సగటు మీద పది శాతం, 250 మిల్లీగ్రాములు, ఆ పైన ఉన్న మాత్రలకు ఐదు శాతం తేడాను లెక్కలోకి తీసుకుంటుంది. అంత తేడాకు చోటున్న సరుకును బరువుతో లెక్కపెట్టకూడదు. అక్కడ ఒక్కొక్క మాత్రనూ కాంతితోనో, గుంటల పలకతోనో లెక్కపెట్టే యంత్రాలు వాడతారు.

ప్యాకింగ్ వాళ్లకు ఇదంతా చెప్పడానికి నేను వాడే పద్ధతి ఒకటుంది. రూపాయి నాణేలు తెమ్మంటాను. 2011 ముందు నాటి పెద్ద స్టీలు రూపాయి 4.85 గ్రాములు, 2011 శ్రేణి చిన్న రూపాయి 3.79 గ్రాములు. పాత రూపాయలు పదితో శాంపిల్ తీసి, ఆ చిన్న రూపాయలు వంద పోయిస్తాను. తెర మీద 78 వస్తుంది. చేత్తో లెక్కపెడితే వంద. రెండూ రూపాయలే, రెండూ ప్రభుత్వం ముద్రించినవే, అయినా లాట్ మారితే లెక్క మారిందని ఇక వేరే చెప్పక్కర్లేదు. వాషర్ల తేడా కంటికి కనబడదు, నాణేల తేడా కనబడుతుంది. అందుకే ఇది పనిచేస్తుంది.

చివరగా కస్టమర్ సంగతి. ఆయన 180 తక్కువ అన్నప్పుడు ఎలా లెక్కపెట్టారని అడిగారా? ఆయన స్టోర్స్‌లో కూడా పెద్ద కాటా మీద పది ముక్కల శాంపిల్‌తోనే చూసి ఉంటే, ఆయన లెక్క కూడా మీదానిలాగే 200 అటూ ఇటూ తప్పుతుంది. రెండు తప్పు లెక్కల మధ్య డెబిట్ నోట్ (తగ్గిన సరుకుకి డబ్బు కోసే కాగితం) ఎందుకు? ఆయన దగ్గరికి వెళ్లి, విప్పని ప్యాకెట్ ఒకటి ఇద్దరూ కలిసి గుంటల పలక మీద వంద వంద చొప్పున లెక్కపెట్టండి. యాభై సార్లు పలక నింపడం, గంటన్నర పని. వచ్చిన సంఖ్యను ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెట్టండి. ఆ ప్యాకెట్‌నే తూచి, ఆ లాట్‌కి అదే ప్రమాణంగా పెట్టుకోండి. ఇకపై ప్రతి లాట్‌కీ శాంపిల్ ఎన్ని ముక్కలు, ఏ కాటా, ఎంత తేడా వరకు ఇద్దరికీ సమ్మతం అన్నది పర్చేజ్ ఆర్డర్‌లో రాయించండి. 5000కి 10 ముక్కల వరకు తగ్గినా సమ్మతమని అడగండి, అది న్యాయమైన అంకె. మీ వైపు నుంచి ప్రతి ప్యాకెట్‌లో 15 వాషర్లు అదనంగా వేయండి. అవి రెండు గ్రాములు కూడా ఉండవు. ప్యాకెట్ మీద లాట్ నంబరు, శాంపిల్ సంఖ్య, నికర బరువు మూడూ రాయించండి, ఎప్పుడు గొడవ వచ్చినా ఆ మూడింటితో వెనక్కి లెక్క కట్టి చూసుకోవచ్చు. ఇప్పుడు గోడౌన్‌లో కట్టి ఉన్న పాత ప్యాకెట్లను మాత్రం విప్పించి, 200 శాంపిల్‌తో మళ్లీ తూయించాకే పంపండి.